రాయి దగ్గర పెట్టిన వాటా

నన్ను ఆరో ఎపిసోడ్‌లో చంపేశారు. ఆదివారం పొద్దున, సర్పంచ్ ఇంద్రాణి ఇంటి వరండాలో, ఊరంతా కూర్చుని చూస్తుండగా. నేను వెనక గోడకి ఆనుకుని బీడీ కాలుస్తున్నాను.

సీరియల్ మంగు గురించి. మా ఊరి మంగు, ఇవాళ రాష్ట్రపతి. ఆయన ఢిల్లీకి పోకముందు, రాయ్‌పూర్ మొహం కూడా చూడకముందు, కొంటా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి జనపద పంచాయతీకి, అంటే మండల పరిషత్తు లాంటిదానికి, మొదటిసారి గెలిచిన రోజుల కథ. హిందీలో తీశారు. ఆయన నోటితో చెప్పించుకుని రాశామని ప్రతివారం మొదట్లో అక్షరాలు వేస్తారు. అందుకే నా పేరు మార్చలేదు. పేరొక్కటే మార్చలేదు, మిగతా నన్నంతా మార్చారు.

అందులో మంగు గుట్ట మీద నిలబడి చెయ్యెత్తితే అడవి అడవంతా వింటుంది. వెనక ఒక వెర్రివాడు సైకిల్ పట్టుకుని పళ్లికిలిస్తుంటాడు. అది నేను.

జరిగింది వేరు. ఇరవై ఏళ్ల కిందటి సంగతి. ఇంట్లో కూర్చుంటే మంగు బాగానే మాట్లాడేవాడు. పదిమంది ఎదురుగా నిలబడితే చాలు, గొంతు పూడుకుపోయేది. ఒడ్డున పడ్డ చేపలాగా నోరు తెరిచి మూసేవాడు. అప్పుడు ఎడంపక్కకి చెయ్యి చాపి, "సీతారాములూ, నువ్వు చెప్పు" అనేవాడు. ఎడంపక్కన నేనుండేవాణ్ని. దోర్నపాల్ సంతలో హిందీ, గీదం వాళ్లొస్తే హల్బీ, లోపలి ఊళ్లలో గోండి, మా వైపు దోర్లీ, తెలుగు, ఎవరి భాషలో కావాలంటే ఆ భాషలో. ఏ ఊళ్లో చేతిపంపు చెడిపోయింది, ఎక్కడ రేషన్ రాలేదు, అన్నీ నేనే కనుక్కుని పెట్టుకునేవాణ్ని. ఆయన నా చెవిలో చెబుతున్నాడు, నేను పైకి అంటున్నాను అనుకునేవారు జనం. ఒకసారి నిజంగానే చెవిలో చెప్పాడు. "దూపైతాంది" అన్నాడు. నేను దాని మీద అరగంట మాట్లాడాను, మంచినీళ్ల గురించి. ఆ ఊరి ఓట్లన్నీ మాకే పడ్డాయి.

గెలిచాక ఆయన పైకి పోయాడు. కాగితం చూసి హిందీలో చదివితే గొంతు పూడుకుపోదని ఎవరో కనిపెట్టి చెప్పారట. ఇక నాతో పనేముంది? మంత్రి అయినప్పుడు ఒకసారి హెలికాప్టర్‌లో కొంటాలో దిగాడు. నన్ను తాడు ఇవతలే ఆపేశారు. చెయ్యి ఊపాను. ఆయనా ఊపాడు, అందరికీ ఊపినట్టే.

సరే, ఆరో ఎపిసోడ్. శబరికి వరదొచ్చింది. వెర్రివాడు కరపత్రాల కట్ట తలకి కట్టుకుని ఏట్లో దూకి కొట్టుకుపోయాడు. నేను ఆ ఏటి ఒడ్డున పుట్టినవాణ్ని. వరదొస్తే మా మేక కూడా దూకదు. శవాన్ని ఒడ్డున పడుకోబెట్టాక మంగు పక్కన నిలబడి నోరు విప్పాడు, అంతే, అక్కణ్నుంచి మహావక్త. "పడవ అడిగితే మీ ఊరికి ఏరే లేదని రాసుకుపోయారు. లేని ఏట్లో మా వాళ్లు ఎట్లా మునిగిపోతున్నారో ఆ కాగితాన్నే అడగండి" అన్నాడు. అది నా మాట. కొంటా రేవులో, తడిసిన గొంగడి కప్పుకుని నేనన్న మాట. నా శవం మీద నా మాటే కప్పారు.

అప్పటిదాకా వరండాలో అందరూ నవ్వుతున్నారు.

"సీతారాములు మామా, ఈత మర్సిపోయినవా ఏంది?"

"దినానికి నన్ను పిలువనే లేదు" అంది మా వదిన.

ఆ తరవాత తెర మీద రాయి నిలిపారు. చచ్చినవాళ్ల పేర మేము ఊరి బయట నిలిపే రాయి. దానికి ఆవుతోక కట్టారు, రాయి మొదట్లో ఇప్పసారా పోశారు. మంగు వేషం వేసినవాడు రాయి మీద చెయ్యి పెట్టి మూడుసార్లు పిలిచాడు. సీతారాములూ. సీతారాములూ. సీతారాములూ.

మా పూజారి గంగా లేచి నిలబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన నా మొహం చూడకుండా నా పక్కనుంచే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ రాయి మోసింది నేనే.

డిసెంబర్‌లో సీరియల్ వాళ్లు మా ఊరి బయట షూటింగ్ పెట్టినప్పుడు థర్మాకోల్ రాయి తెచ్చుకున్నారు. పైన మట్టిరంగు పూశారు. ఒక పిల్లవాడు చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు దాన్ని. చూడగానే నాకు ఒళ్లు మండింది. వాళ్లకీ మాకూ మధ్య మాట కలిపే మేనేజర్ హరిబాబు అని, బచేలీ గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన ఆంధ్రా మనిషి. ఆయన దగ్గరికి పోయాను.

"చచ్చినోళ్ల రాయి గిట్లుంటదా? గాలొస్తే లేసిపోతది."

"మరెలా ఉండాలో మీకు తెలుసాండీ?" అన్నాడు.

తెలుసా అని నన్ను అడిగాడు. ఇరవై ఏళ్ల తరవాత ఒక మనిషి నన్ను ఏదో ఒకటి తెలుసా అని అడిగాడు. ఇంక ఆగానా? ఏటి పక్కన రాయి నేనే వెతికాను. దుంగలకి కట్టి ఎనిమిదిమందిమి మోసుకొచ్చాం. గుంత తవ్వించాను. రాయి మొహం తూర్పుకి తిప్పించాను. తోక, బియ్యం, సారా, ఒక్కటి తప్పకుండా సమకూర్చాను. పూజారి లేకుండా రాయి నిలపకూడదని గంగాని ఇంటి నుంచి లాక్కొచ్చి మరీ నిలబెట్టాను. ఎవరి పేర అని మాత్రం అడగలేదు. వాళ్ల కథలో చచ్చినవాడు ఎవడో అనుకున్నాను. పేరు పిలిచే సీన్ తీసేటప్పుడు కూలివాళ్లందరినీ దూరం తోలేశారు. గంగాకి దగ్గర్లోనే కుర్చీ వేశారు గానీ, ఆ నటుడు అప్పుడు ఉత్త పెదాలు కదిపాడట. గొంతు తరవాత బొంబాయిలో కలిపారు.

ఎపిసోడ్ వచ్చిన మూడో రోజు పండగ ఖాయం చెయ్యడానికి ఊరు కూర్చుంది. మామిడికాయ పండగ. అది అయ్యేదాకా మా దగ్గర ఎవరూ కొత్త కాయ కొయ్యరు, నోట పెట్టరు. పండగ నాడు పూజారి మొదటి కాయలు ముక్కలు చేసి ముందు చచ్చినవాళ్ల రాళ్ల దగ్గర పెడతాడు. తరవాత ఇంటికొక ముక్క, ఇంటి పెద్ద చేతిలో. ఆ ముక్క అందుకున్నవాడే ఊళ్లో మనిషి. అందుకోనివాడికి తన చెట్టు కాయ మీద హక్కు లేదు, ఊరు కూర్చున్న చోట మాట లేదు.

వచ్చే వారం బుధవారం పండగ అని తేలింది. గంగా ఒక్కొక్క ఇంటిపేరే అనుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"సీతారాములు వాట రాయి కాడ" అన్నాడు.

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

"ఏంది పూజారి? నీ ఎదుటనే కూసున్న గద."

"కూసున్నవ్. రాయి గూడ నిలిసున్నది."

"అది సీరియల్ రాయి."

"వాళ్లు తెచ్చుకున్నది సీరియల్ రాయి. దాన్ని వద్దన్నదెవరు? ఏటి రాయి తెచ్చిందెవరు? తూర్పుకి తిప్పిందెవరు? జరమొచ్చి పండుకున్నోణ్ని నన్ను లేపి తోలుకపోయిందెవరు? అన్ని పద్ధతి పెకారం చేసినవ్. పేరొక్కటే తక్కువుండె. అది మొన్న ఊరంత విన్నది."

"ఐతే పీకేద్దాం."

"పీకు" అన్నాడు గంగా. "లే, నువ్వే పీకు."

నేను లేవలేదు. నిలిపిన రాయిని కదిపినవాడు నెల తిరక్కుండా పోతాడని ఈ ఊరి పిల్లల్ని బెదిరించేదే నేను. చుట్టూ చూశాను. నేను మోసిన దుంగకి రెండో కొస పట్టినవాళ్లు కూడా నేల చూపులు చూస్తున్నారు. ఒక్కడంటే ఒక్కడు నా తరపున నోరు మెదపలేదు. వీళ్ల తరపున ఎన్ని ఊళ్లలో, ఎన్ని భాషల్లో మాట్లాడి ఉంటాను నేను.

నా భార్య రామక్క లేచింది. "మరి దారేంది, చెప్పు. ముక్క లేకపోతే ఈ మనిషి నన్ను సతాయిస్తడు, నిన్ను కాదు."

"పిలిసినోడే మళ్ల పిలవాలె" అన్నాడు గంగా. "రాయిని కాదు, మనిషిని. మనిషి పలకాలె. నేను వినాలె. అప్పుడు అది ఉత్త రాయి."

"పిలిసినోడు బొంబాయిల ఉన్నడు" అన్నాను. "వేషగాడు."

"వేషగాడికి పేరేడిది? వాడు మంగు లెక్క నిలవడి పిలిసిండు. మంగు పిలవాలె."

అంటే బుధవారం లోపల దేశానికి రాష్ట్రపతి అయినవాడు నా పేరు పెట్టి నన్ను పిలవాలి. నాకు మామిడికాయ ముక్క కావాలంటే.

దారి హరిబాబే తెచ్చాడు. శుక్రవారం జీపు మా వాకిట్లో ఆగింది. చేతిలో లిస్టు. ఆదివారం దోర్నపాల్‌లో సభ ఉందట. రాష్ట్రపతి వస్తున్నాడు, సీరియల్ వాళ్లు వస్తున్నారు, కథలోని మనుషుల కుటుంబాలకి సన్మానం.

"రామక్క గారూ, మీకు శాలువా అండి. స్టేజీ మీద, ఆయన చేతుల మీదుగా."

లిస్టు లాక్కుని చూశాను. హిందీలో ఉంది. స్వర్గీయ సీతారాములు పత్ని.

"నేను కనబడతలేనా నీకు?" అన్నాను.

"మీరు బతికున్నారని మాకు తెలుసండి. కథకి అవసరమయింది. మీరు పోతేనే గదండీ ఆయనకి మాట వచ్చేది."

"రాయి మోపిచ్చేటప్పుడు తెలుసా?"

"తెలుసండి" అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "చెబితే మోసేవారు కాదు గదా."

రామక్క నా చెయ్యి పట్టుకోకపోతే ఆ పూట ఆయన్ని కూడా స్వర్గీయుల లిస్టులో రాసుకోవాల్సి వచ్చేది.

"స్టేజీ మీదికి మాత్రం మీరు రాకూడదండి. రెండో సీజన్‌లో ఆయనకి మీరు గుర్తొచ్చే సీన్లు చాలా ఉన్నాయి. మీరు కనబడితే అన్నీ పోతాయి. కావాలంటే అమ్మగారికి తోడుగా ముందు వరసలో కూర్చోండి. పాస్ మీద అన్నగారని రాయిస్తాను."

"నాకు అన్ననా?" అంది రామక్క. "మా అన్న ఇంతకంటె మంచిగుంటడు."

జీపు పోయాక నేను ఇంట్లో ఉన్నదంతా తన్నాను. నా కళ్ల ముందు నా పెళ్లాం మొగుడు చచ్చినదానిలాగా పోయి శాలువా కప్పుకుంటుందా అని అరిచాను. రామక్క పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"పసుపు రాసుకోని పోత. చేతుల నిండ గాజులేసుకోని పోత. చూసేటోడు చూడని. వంగి శాలువ కప్పేటప్పుడు నేనే అడుగుత, ఒక్కసారి పిలువుమని. నీకు వాట కావాల్నా, పౌరుషం కావాల్నా? రెండు కావాల్నంటే నా తాన లేవు."

ఆదివారం దోర్నపాల్ మైదానంలో టెంట్ల కింద మనిషి మీద మనిషి. మిట్టమధ్యాహ్నం ఎండ. మా ఊరి డోలువాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టారు, వాళ్లతో గంగా. నా మెడలో వేలాడే అట్ట మీద "రామక్క అన్న" అని ఉంది. గంగా దాన్ని చదివించుకుని మళ్లీ మొహం తిప్పుకున్నాడు.

మంగు లావెక్కాడు. జుట్టు తెల్లబడింది. కాగితం చూసి హిందీలో పదిహేను నిమిషాలు తప్పు లేకుండా చదివాడు. తరవాత తెర మీద ఆరో ఎపిసోడ్ ముక్క వేశారు. నేను మళ్లీ చచ్చాను. జనం మళ్లీ అయ్యో అన్నారు. రామక్కని పైకి పిలిచారు.

ఎర్ర చీర, చేతుల నిండా గాజులు. యాంకర్ అమ్మాయి ఆ గాజులు చూసి లిస్టు మళ్లీ చూసుకుంది. మంగు శాలువా పట్టుకుని వంగాడు. రామక్క ఆయన చెవి దగ్గర ఏదో అంది. శాలువా సగంలో ఆగిపోయింది. ఆయన తల ఎత్తి ముందు వరస వెతికాడు. నా దగ్గర ఆగాడు. నన్ను ఆయన గుర్తుపట్టలేదని ఎవడైనా అంటే నా ముందుకొచ్చి అనమనండి.

శాలువా కప్పేసి మైక్ దగ్గరికి నడిచాడు. సొంత భాషలో సొంత మనుషులకి రెండు మాటలు చెప్పాలని యాంకర్ అడిగింది. ఆ రెండు మాటలకి కాగితం లేదు.

"మన ఊరోళ్లకు…" అన్నాడు.

ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆగాడు. గొంతు దగ్గర ఎముక పైకీ కిందికీ ఆడుతోంది. నాకు తెలుసు అది. ఒడ్డున పడ్డ చేప. ఇరవై ఏళ్లు, అన్ని పదవులు, అన్ని కాగితాలు, అయినా అదే చేప. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే ఎడంపక్కకి చాచుకుంది. ఎడంపక్కన ఎవరూ లేరు.

"సీతారాములూ" అన్నాడు మైక్‌లో. "నువ్వు చెప్పు."

మైదానం ఒక్కసారి నిట్టూర్చింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకి అడ్డం పెట్టుకున్నారు. చచ్చిన స్నేహితుణ్ని తలుచుకుని పిలుస్తున్నాడనుకున్నారు. కెమెరాలన్నీ ఆయన కళ్ల మీదికి పోయాయి. స్టేజీ మెట్ల దగ్గర హరిబాబు గుండె మీద చెయ్యి పెట్టుకుని మురిసిపోతున్నాడు. అది గొంతు పూడుకుపోయి పిలిచిన పిలుపో, జనాన్ని చూసి ఆడిన నాటకమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకి తెలుసో లేదో కూడా అనుమానమే.

గంగా నా వైపు తిరిగాడు. "పిలిసిండు. పలుకు."

ఒక్క ఓ అంటే చాలు. ఓ అని లేచి నిలబడితే నా ముక్క నాకు. కానీ నాలుక అప్పటికే వేరే పనిలో పడిపోయింది. ముందు హిందీలో నాలుగు మాటలు, తరవాత గోండి, చివర దోర్లీలో నవ్వించి ముగించాలి అని లోపల సర్దుకుంటోంది. కాడి చప్పుడు వినగానే మెడ వంచే ఎద్దులాగా. ఇరవై ఏళ్లు చచ్చి పడి ఉన్న ఎద్దు. నా మీద నాకే అసహ్యం పుట్టింది. లేచి నిలబడ్డాను.

"నువ్వే చెప్పుకో!" అని అరిచాను.

పోలీసులు ఇద్దరు నా రెక్కలు పట్టుకున్నారు. ఎవరికీ అర్థం కాలేదేమోనని అదే మాట హిందీలో అరిచాను. నన్ను ఎత్తుకుని టెంటు దాటిస్తుంటే గోండిలో అరిచాను. గీదం నుంచి వచ్చినవాళ్లు వెనక కూర్చున్నారు, వాళ్ల కోసం హల్బీలో. వ్యాను తలుపు వేసేటప్పుడు దోర్లీలో. ఎవరికీ లోటు చెయ్యలేదు. ఆ పని నాకు బాగా వచ్చు.

సాయంత్రానికి వదిలిపెట్టారు. హరిబాబు వచ్చి కాగితం రాయించాడు. మతి స్థిమితం లేని మనిషి, రామక్క అన్న, ఎండకి అరిచాడు అని. సంతకం పెట్టమంటే పెట్టాను. ఏ పేరు పెట్టానో ఎవరూ చదవలేదు. మర్నాడు టీవీలో అంతా వేశారు. శాలువా, గొంతు పూడుకుపోవడం, పిలుపు, తడి కళ్లు. పిలుపు తరవాత ఒక్క క్షణం నిశ్శబ్దం, వెంటనే సన్నాయి. నా మాట కోసేశారు.

బుధవారం పండగ. కాయలు కోసుకొచ్చి ఆకుల్లో పెట్టారు. గంగా కత్తి పట్టుకుని కూర్చున్నాడు. పంచే ముందు మళ్లీ పేచీ మొదలయింది. పలుకుడంటే ఓ అనాలి, వీడు తిట్టాడు, తిట్టు పలుకుడు కిందికి వస్తుందా అని. లేవదీసింది మా వదినే. మా మామిడిచెట్టు ఆమె పెరటి గట్టు మీదే ఉంది మరి. గంగా అందరినీ మాట్లాడనిచ్చాడు.

"నలభై ఏండ్లాయె, చచ్చినోళ్లను శానామందిని పిలిసిన" అన్నాడు చివరికి. "ఏడ్సుకుంట పిలిసిన, బతిమాలి పిలిసిన. ఒక్కడు గూడ ఎదురు తిట్టలే. వీడు పలికిండు."

ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు కూడా నా మొహం చూడలేదు, అది వేరే సంగతి. ఉప్పు అడగకుండా అక్కడే నిలబడి, వదిన చూస్తుండగా, నమిలి మింగాను. పళ్లు పులిసిపోయాయి.

శాలువా మీద రామక్క చింతపండు ఆరబోస్తోంది. రాయిని ఎవరూ కదపలేదు. ఉత్త రాయే అని పూజారి చెప్పాడు కాబట్టి దానికి మా మేకని కట్టేస్తున్నాను. నిన్న హరిబాబు ఫోన్ చేశాడు. రెండో సీజన్‌కి మళ్లీ వస్తున్నారట, రాయి ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నాడు, తోక ఊడిపోయిందేమో చూడమన్నాడు.

తోక మేక తినేసింది అని చెప్పి పెట్టేశాను.